హీలియం: పదము, పదార్థము

మూలకముల ఆంగ్లనామములను నేర్చుకొనునపుడు విద్యార్థి సామాన్యముగా వాటి అర్థములను గూర్చి ఆలోచింపడు. సంకేతమును, పరమాణు సంఖ్యను జ్ఞాపకముంచుకొనును; పేరును ఒక ఆనవాలుగా మాత్రమే గ్రహించును. కాని శాస్త్రములో వాడు ప్రతి పేరునకును ఒక పుట్టుక ఉన్నది. ఆ పేరు పెట్టిననాడు శాస్త్రజ్ఞులకు తెలిసినదేమి, తెలియనిదేమి, తెలియనిదానిని గూర్చి వారు ఊహించినదేమి అను విషయములు ఆ అక్షరములలోనే నిలిచియుండును. ఇందుకు హీలియం అను పేరు చక్కని ఉదాహరణము.

ఆవర్తన పట్టికలో కుడివైపు చివరి నిలువు వరుసను చూడుడు. హీలియం, నియాన్, ఆర్గాన్, క్రిప్టాన్, జెనాన్, రేడాన్, ఒగనెసాన్ అని పై నుండి క్రిందికి ఏడు పేర్లు ఉన్నవి. వీటిలో ఆరు 'ఆన్' అని ముగియుచున్నవి. మొదటిది ఒక్కటే 'ఇయం' అని ముగియుచున్నది. సోడియం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం మున్నగు లోహముల పేర్లకు ఉండు ముగింపు అది. హీలియం లోహము కాదు. అది రంగు, రుచి, వాసన లేని వాయువు. సామాన్య పరిస్థితులలో ఏ పదార్థముతోను సంయోగము చెందదు. అట్టి వాయువునకు లోహపు పేరు ఎట్లు వచ్చినది? ఆ సంగతి తెలిసిన పిమ్మటనైనను పేరును ఎందుకు మార్చలేదు?

ఈ రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పవలెనన్నచో పదమును రెండుగా విడదీసి చూడవలెను. మొదటి భాగము 'హీలి', రెండవ భాగము 'ఇయం'. మొదటి భాగము ఆ పదార్థము ఎక్కడ కనబడినదో చెప్పును. రెండవ భాగము అది ఎట్టిదని ఊహించినారో చెప్పును. మొదటిది నిజమైనది, రెండవది నిజము కాలేదు.

మొదటి భాగము: సూర్యుడు

గ్రీకు భాషలో 'హేలియోస్' అనగా సూర్యుడు. ఆంగ్లములో పలుకునపుడు దీర్ఘమైన ఏకారము ఈకారమై 'హీలియో' అయినది. సూర్యుని కేంద్రముగా గల గ్రహవ్యవస్థను సూచించు హీలియోసెంట్రిక్, అద్దముతో ఎండను మెరిపించి సంకేతములు పంపు హీలియోగ్రాఫ్, మొక్కలు సూర్యుని వైపు తిరుగుటను తెలుపు హీలియోట్రోపిజం అను మాటలన్నియు ఈ మూలము నుండి వచ్చినవే.

ఈ గ్రీకు పదము మనకు కనబడునంత పరాయిది కాదు. సంస్కృతములోని సూర్య, స్వర్ అను పదములకును, లాటిన్ భాషలోని 'సోల్' అను పదమునకును, ఆంగ్లములోని 'సన్' అను పదమునకును, గ్రీకు హేలియోస్‌కును మూలము ఒక్కటే అని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించినారు. మరి సకారము హకారముగా ఎట్లు మారినది? పదము మొదట అచ్చునకు ముందున్న సకారము గ్రీకులో హకారముగా మారుట ఒక నియమము. సంస్కృతములో సప్త, గ్రీకులో హెప్టా. అందుచేతనే మనము సప్తభుజి అనుదానిని ఆంగ్లములో హెప్టగాన్ అందురు. సంస్కృతములో సర్పము, గ్రీకులో ప్రాకెడు జంతువునకు హెర్పెటాన్. సరీసృపములను గూర్చిన శాస్త్రమునకు హెర్పెటాలజీ అని పేరు వచ్చినది ఇందువలననే. ఈ నియమము తెలిసిన విద్యార్థికి హీలియం పరాయి మాటగా తోచదు. అందులో సూర్యశబ్దపు చుట్టము ఒకడు దాగియున్నాడు.

రెండవ భాగము: లోహపు గుర్తు

లాటిన్‌లో లోహముల పేర్లు చాలవరకు 'అం' అని ముగియును. బంగారము ఆరం, వెండి అర్జెంటం, ఇనుము ఫెర్రం, సీసము ప్లంబం. ఈ సంప్రదాయమును అనుసరించి, 1807లో హంఫ్రీ డేవీ విద్యుత్ప్రవాహము సాయముతో వేరుచేసిన రెండు క్రొత్త లోహములకు పొటాషియం, సోడియం అని పేర్లు పెట్టినాడు. మరుసటి ఏడు బేరియం, స్ట్రాన్షియం, కాల్షియం వచ్చినవి. నాటి నుండి క్రొత్త లోహము దొరికినపుడెల్ల పేరు చివర 'ఇయం' చేర్చుట వాడుక అయినది.

ఈ వాడుక ఎంత బలపడినదో తెలుపుటకు మరియొక మాట చాలును. పటిక నుండి రాదగిన లోహమునకు డేవీ 1808లో 'అలూమియం' అనియు, 1812లో 'అలూమినం' అనియు పేరు పెట్టినాడు. సోడియం, పొటాషియంలతో ఇది పొసగుట లేదని ఇంగ్లండులో కొందరు అందులో ఒక ఇకారమును చేర్చి 'అల్యూమినియం' అన్నారు. నేటికిని బ్రిటిషువారు ఇకారముతోను, అమెరికావారు ఇకారము లేకయు ఆ మాటను వ్రాయుచున్నారు.

1860 తరువాత ఈ ప్రత్యయమునకు ఇంకొక బలము చేకూరినది. అది వర్ణపట పరిశోధన.

వెలుగులోని గీతలు

ఉప్పు వేసిన చారు పొంగి గ్యాసు పొయ్యి మంట మీద పడినపుడు నీలిమంట క్షణకాలము పసుపుపచ్చగా మారుటను ఎల్లరును చూచియే ఉందురు. ఆ పసుపు ఉప్పులోని సోడియం ఇచ్చినది. ఆ వెలుగును పట్టకము గుండా పోనిచ్చి చూచినచో ఒకదానికొకటి మిక్కిలి దగ్గరగా రెండు పసుపురేఖలు కనబడును. వాటి తరంగదైర్ఘ్యములు 589.0, 589.6 నానోమీటర్లు. ఇవి సోడియం గుర్తు. మరి ఏ మూలకమును సరిగా ఈ తావులలో ఇట్టి రేఖల జంటను ఇయ్యదు. మనుష్యునికి వ్రేలిముద్ర ఎట్టిదో మూలకమునకు దాని వర్ణపట రేఖలు అట్టివి.

సూర్యకాంతిని ఇట్లే పరీక్షించినచో వర్ణపటములో వెలుగు రేఖలకు మారుగా నల్లని రేఖలు కనబడును. జర్మను దేశీయుడైన ఫ్రౌన్‌హోఫర్ 1814లో వీటిని ఐదు వందలకు పైగా లెక్కించి, ముఖ్యమైన వాటికి ఆంగ్ల అక్షరములను పేర్లుగా పెట్టినాడు. పసుపురంగులోని జంటరేఖలకు 'డి' అని పేరు. 1859లో కిర్కాఫ్, బున్సెన్‌తో కలిసి పనిచేయుచు, ఈ నల్లని రేఖలు సూర్యుని వాతావరణములోని మూలకములు కాంతిని హరించుటవలన ఏర్పడినవని నిరూపించినాడు. 'డి' రేఖలు సోడియం ఉండు తావుననే ఉన్నవి. కనుక సూర్యునిలో సోడియం ఉన్నది. కోట్ల మైళ్ల దూరముననున్న గోళములో ఏ పదార్థములున్నవో భూమి మీదనే కూర్చుండి చెప్పగల విద్య ఆనాడు పుట్టినది.

ఈ విద్య క్రొత్త మూలకములను కూడ పట్టియిచ్చినది. 1860లో సీసియం, 1861లో రుబీడియం, థాలియం, 1863లో ఇండియం దొరికినవి. నాలుగును లోహములే, నాలుగింటికిని వాటి రేఖల రంగును బట్టియే పేర్లు వచ్చినవి. సీసియం అనగా ఆకాశనీలము, రుబీడియం అనగా గాఢమైన ఎరుపు, థాలియం అనగా పచ్చని చిగురు, ఇండియం అనగా నీలిమందు రంగు. నీలిమందు యూరపునకు భారతదేశము నుండి పోవుటచే లాటిన్‌లో దానికి ఇండికం అని పేరు కలిగినది. వర్ణపటములో క్రొత్త రేఖ కనబడినచో క్రొత్త లోహము దొరికినదని తలచుట ఆ దశాబ్దములో సహజమే.

గుంటూరు గ్రహణము

1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము సంభవించినది. చంద్రుని నీడ ఏడెన్ మీదుగా వచ్చి భారతదేశమును పడమటి నుండి తూర్పునకు దాటి సయాం వైపు సాగినది. సూర్యుని వర్ణపటమును గ్రహణ సమయమున పరీక్షించుటకు అనువు కలిగిన మొదటి గొప్ప గ్రహణము ఇదియే. ఫ్రాన్సు నుండి పియర్ జాన్సెన్ గుంటూరు వచ్చినాడు. బ్రిటిషు సైన్యములోని మేజర్ టెన్నెంట్ కూడ గుంటూరులోనే యంత్రములు నిలిపినాడు. మద్రాసు నక్షత్రశాల అధిపతి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నములోను, ఆ నక్షత్రశాలకే చెందిన చింతామణి రఘునాథాచారి వనపర్తిలోను పరిశీలన కేంద్రములను నడిపినారు.

గుంటూరులో ఉదయము వేళ ఐదు నిమిషములకు పైగా సూర్యబింబము పూర్తిగా మరుగుపడినది. బింబపు అంచున ఎర్రని జ్వాలలు కనబడినవి. ఇవి సూర్యునికి చెందినవా, లేక చంద్రునికి చెందినవా అను వివాదము అంతకుముందే తీరినది. అవి దేనితో ఏర్పడినవను ప్రశ్న మాత్రము మిగిలినది. జాన్సెన్ వర్ణపటదర్శినిని జ్వాలలపై నిలిపి చూచినాడు. నల్లని రేఖలకు మారుగా ప్రకాశించు రేఖలు కనబడినవి. కనుక అవి వెలుగుచున్న వాయువులు. అందులో ముఖ్యమైనది హైడ్రోజన్. ఆ రేఖలు ఎంత కాంతివంతముగా ఉన్నవనగా, గ్రహణము లేకున్నను వాటిని చూడవచ్చునని ఆయనకు తోచినది. మరునాటి ఉదయము అట్లే చూచినాడు. అంతవరకు సంవత్సరముల తరబడి వేచి, కొలది నిమిషములు మాత్రము చూడగలిగిన దానిని ఇకమీదట ఎండ కాయు ఏ దినముననైనను చూడవచ్చును. గుంటూరు పరిశీలన వలన కలిగిన గొప్ప ఫలితము ఇది.

హీలియం గుంటూరులో కనుగొనబడినదని తరచుగా చెప్పుదురు. ఈ మాటను కొంత సరిదిద్దుకొనవలెను. ఆనాడు గ్రహణమును చూచినవారిలో పలువురు జ్వాలల వర్ణపటములో పసుపురేఖ ఒకటి చూచినారు. కొందరు అది 'డి' రేఖయే అన్నారు. కొందరు 'డి'కి సమీపమున ఉన్నదన్నారు. అది క్రొత్త మూలకమని ఆ దినమున ఎవరును చెప్పలేదు. ఒక రేఖను చూచుట వేరు, దాని స్థానమును కొలుచుట వేరు, దాని అర్థమును చెప్పుట వేరు. మొదటిది ఆంధ్రదేశములో జరిగినది. మిగిలిన రెండును తరువాత జరిగినవి. చూచినవారి గౌరవమునకు ఇందువలన లోపము లేదు.

లాకియర్ పెట్టిన పేరు

ఇంగ్లండులో యుద్ధశాఖ కార్యాలయమున గుమాస్తాగా పనిచేయుచు, తీరిక వేళలలో సూర్యుని పరిశీలించుచుండిన నార్మన్ లాకియర్ గ్రహణము లేకయే జ్వాలలను చూడవలెనని రెండేళ్ల నుండి యత్నించుచుండెను. ఆయన కోరిన వర్ణపటదర్శిని 1868 అక్టోబరులో చేతికి వచ్చినది. అక్టోబరు 20వ తేదీన ఆయన కూడ జ్వాలల రేఖలను చూచినాడు. జాన్సెన్ భారతదేశము నుండి పంపిన లేఖయు, లాకియర్ వార్తయు పారిస్ విజ్ఞాన పరిషత్తు యొక్క ఒకే సమావేశమునకు అందినవి. ఇరువురి రూపములను ఒకే పతకముపై ముద్రించి ఫ్రెంచి ప్రభుత్వము 1872లో వారిని గౌరవించినది.

లాకియర్ చేతిలో ఉన్నది గ్రహణపు ఐదు నిమిషములు కావు, కావలసినంత కాలము. ఆయన పసుపురేఖ స్థానమును శ్రద్ధగా కొలిచినాడు. అది సోడియం రేఖలతో కలియలేదు. నేటి కొలతలో దాని తరంగదైర్ఘ్యము 587.6 నానోమీటర్లు, సోడియం రేఖలకు ఒకటిన్నర నానోమీటరు దూరములో ఉన్నది. సోడియం రేఖలు డి1, డి2 కనుక దీనికి 'డి3' అని పేరు వచ్చినది. అన్నిటికంటె వింత ఏమనగా, సామాన్య సూర్యకాంతిలో ఈ తావున ప్రస్ఫుటమైన నల్లని రేఖ లేదు. దీని కారణము ఈనాడు తెలియును. మిక్కిలి శక్తిని పొంది ఉద్రిక్తమైన హీలియం పరమాణువులే ఈ కాంతిని ఇయ్యగలవు, గ్రహింపగలవు. సూర్యుని కనబడు ఉపరితలమునకు అంతటి వేడి చాలదు. లాకియర్ కాలమున పరమాణు నిర్మాణము తెలియదు. ఆయనకు ఇది చిక్కుముడి అయినది.

రసాయన శాస్త్రజ్ఞుడైన ఫ్రాంక్‌లండ్‌తో కలిసి ఆయన హైడ్రోజన్‌ను వివిధ పీడనములలో పరీక్షించినాడు. డి3 రేఖ రాలేదు. భూమిపై తెలిసిన ఏ మూలకమును ఆ రేఖను ఇయ్యలేదు. అందుచే సూర్యునిలో మాత్రమే కనబడిన ఈ పదార్థమునకు సూర్యుని పేరు పెట్టినారు. 1871లో ఎడింబరోలో జరిగిన బ్రిటిషు విజ్ఞాన సంఘపు సభలో అధ్యక్షోపన్యాసము చేయుచు విలియం థామ్సన్, అనగా తరువాతి కాలపు లార్డ్ కెల్విన్, ఈ పేరును లోకమునకు తెలిపినాడు.

'ఇయం' అను ముగింపు ఎందుకు? వర్ణపటము వలన అంతవరకు దొరికిన నాలుగు క్రొత్త మూలకములును లోహములు. సూర్యునిలో గుర్తింపబడిన సోడియం, కాల్షియం, ఇనుము, మెగ్నీషియం లోహములు. హైడ్రోజన్ ఒక్కటే వేరు. కనుక ఈ అపరిచితుడును లోహమే అయియుండునని అనుకొనుట అసంబద్ధము కాదు. అది తెలిసిన వాటిని బట్టి తెలియనిదానిని ఊహించుట. అయితే ఆ ఊహ పేరులో చేరి, ఊహ అను సంగతి మరుగుపడినది.

భూమి మీద దొరికినది

ఇరువది ఏండ్లకు పైగా హీలియం ఒక రేఖగానే మిగిలినది. దానిని చేతబట్టినవారు లేరు. బరువు తూచినవారు లేరు. అట్టి మూలకము ఉన్నదా అని పలువురు రసాయన శాస్త్రజ్ఞులు సందేహించినారు.

1894లో లార్డ్ రేలే, విలియం రామ్సే గాలిలో ఒక క్రొత్త వాయువును కనుగొనినారు. అది దేనితోను సంయోగము చెందదు కనుక దానికి ఆర్గాన్ అని పేరు పెట్టినారు. గ్రీకులో 'ఆర్గోస్' అనగా పని లేనివాడు, సోమరి. ఆర్గాన్ ఏ ఖనిజములోనైనను సంయోగస్థితిలో ఉన్నదేమో అని రామ్సే వెదకుచుండగా, బ్రిటిషు మ్యూజియములోని మైయర్స్ ఆయనకు ఒక సంగతి తెలిపినాడు. అమెరికాలో హిల్లెబ్రాండ్ అను రసాయనజ్ఞుడు యురేనియం ఖనిజములను ఆమ్లముతో కాచినపుడు ఒక జడవాయువు వెలువడినదనియు, అది నైట్రోజన్ అని ఆయన తలచినాడనియు దాని సారాంశము.

రామ్సే క్లీవైట్ అను యురేనియం ఖనిజమును సంపాదించి 1895 మార్చిలో ఆ ప్రయోగము చేసినాడు. వచ్చిన వాయువును శుద్ధిచేసి గాజు గొట్టములో విద్యుత్తును పంపి చూడగా ప్రకాశమానమైన పసుపురేఖ కనబడినది. అది సోడియం రేఖతో కలియలేదు. ఏదో దాగియున్న వాయువు దొరికినదని తలచి దానికి అప్పటికి 'క్రిప్టాన్' అని పేరు పెట్టుకొని, నమూనాను విలియం క్రూక్స్‌కు పంపినాడు. క్రూక్స్ రేఖను కొలిచి అది డి3 అని తేల్చినాడు. ఇరువది ఏడేండ్ల క్రితము సూర్యుని అంచున కనబడిన పదార్థము ఒక రాతిలో దొరికినది. ఇంచుమించు అదే సమయమున స్వీడన్‌లోని ఉప్సాలాలో క్లీవ్, లాంగ్లె కూడ అదే ఖనిజము నుండి ఈ వాయువును రాబట్టినారు.

ఇక్కడ ఒక చిక్కు వచ్చినది. రాతి నుండి వచ్చిన వాయువు యొక్క పసుపురేఖను జర్మనీలో రూంగె సూక్ష్మముగా పరీక్షించి, అది ఒక్క రేఖ కాదు, జంటరేఖ అన్నాడు. సూర్యునిలోని డి3 ఒంటి రేఖ అయినచో రెండును ఒకటి కావు. వెంటనే శాస్త్రజ్ఞులు సూర్యుని మరల మరింత శ్రద్ధగా చూచినారు. సూర్యునిలోని రేఖయు జంటరేఖయే. సందేహము తీరినది. హీలియం నిజముగా ఉన్నది. అయితే అది లోహము కాదు, వాయువు.

రెండు ప్రత్యయములు

1898లో రామ్సే, ట్రావర్స్ ద్రవీకరించిన గాలి నుండి మరి మూడు జడవాయువులను వేరుచేసినారు. దాగియున్నది అను అర్థములో క్రిప్టాన్, క్రొత్తది అను అర్థములో నియాన్, పరదేశి అను అర్థములో జెనాన్ అని పేర్లు పెట్టినారు. ముందు హీలియంకు అనుకొనిన క్రిప్టాన్ అను పేరు ఇట్లు వేరొక వాయువునకు చెందినది. రేడియం నుండి వెలువడు వాయువునకు పలు పేర్లు మారి, 1923 ప్రాంతమున రేడాన్ అను పేరు స్థిరపడినది. ఇందులో తెలివి గమనింపదగినది. రేడియం లోహము, దాని 'ఇయం' తీసి 'ఆన్' పెట్టగానే వాయువు అయినది. పదము చివరి అక్షరములే కులగోత్రములు చెప్పుచున్నవి.

భాషాశాస్త్రము దృష్టిలో మాత్రము ఈ రెండు ముగింపులకు పెద్ద భేదము లేదు. గ్రీకులోని 'ఆన్', లాటిన్‌లోని 'అం', సంస్కృతములోని 'అమ్' మూడును నపుంసకలింగపు గుర్తులు. ఒకే మూలము నుండి వచ్చినవి. కాడి అను అర్థములో సంస్కృతమున యుగమ్, లాటిన్‌లో యుగుం, గ్రీకులో జుగోన్ అందురు. సంస్కృతపు యుగమ్ తెలుగులో యుగము అయినట్లే, పాత తెలుగు పుస్తకములలో హీలియం హీలియము అయి మన మాటల వరుసలో కలిసిపోయినది. కాబట్టి ఒకటి లోహమునకును, ఇంకొకటి జడవాయువునకును చెందుట భాష పెట్టిన నియమము కాదు. రసాయన శాస్త్రము ఏర్పరచుకొనిన వాడుక.

ఆ వాడుక 2016లో లిఖితనియమము అయినది. క్రొత్తగా పేరు పెట్టబడు మూలకము 1 నుండి 16 వరకు గల సముదాయములలో చేరినచో 'ఇయం', 17వ సముదాయములో చేరినచో 'ఈన్', 18వ దానిలో చేరినచో 'ఆన్' అని ముగియవలెనని అంతర్జాతీయ రసాయన సమితి నిర్ణయించినది. అందుచేతనే ఆ సంవత్సరము 118వ మూలకము ఒగనెసాన్ అయినది. ఈ నియమము ప్రకారము హీలియం 'హీలియాన్' కావలెను.

మార్పు ఎందుకు జరుగలేదు?

ఖగోళశాస్త్రములో ఇట్టి మార్పు జరిగినది. గ్రహము సూర్యునికి మిక్కిలి దూరముగా ఉండు స్థానమునకు కెప్లర్ లాటిన్ పద్ధతిలో 'అఫీలియం' అని పేరు పెట్టినాడు. పదము గ్రీకుది కనుక గ్రీకు ముగింపే తగునని తరువాతివారు దానిని 'అఫీలియన్' అని మార్చినారు. నేటి పుస్తకములలో ఆ రూపమే ఉన్నది. హీలియం విషయములో అట్లు జరుగలేదు. రామ్సే వాయువును పట్టుకొనునాటికి ఆ పేరు ఇరువది నాలుగేండ్లుగా గ్రంథములలో వాడుకలో ఉన్నది. పేరు మార్చినచో సూర్యునిలోని పదార్థము వేరు, రాతిలోని పదార్థము వేరు అను భ్రాంతి కలుగును. రెండును ఒకటే అనుట ఆ పరిశోధన అంతటికిని ఫలితము. ఆ ఫలితమును నిలుపుటకు పేరు మారకుండుటయే మేలు. ఇక 'హీలియాన్' అను రూపము వ్యర్థము కాలేదు. భౌతికశాస్త్రజ్ఞులు దానిని హీలియం-3 యొక్క కేంద్రకమునకు పేరుగా వాడుచున్నారు.

పేరులో పొరపాటు నిలిచియుండుట హీలియం ఒక్కదానికే చెందినది కాదు. ఆమ్లములన్నిటికిని మూలము అను ఊహతో లావోయిజియే ఒక వాయువునకు ఆక్సిజన్ అని పేరు పెట్టినాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లములో ఆక్సిజన్ లేదని 1810లో డేవీ చూపినాడు. పేరు మారలేదు. పైగా ఆ పేరును తెలుగు చేసినవారు దానిని 'ఆమ్లజని' అని అనువదించుటచే ఆ పొరపాటు కూడ తెలుగులోనికి వచ్చినది. నీటిని పుట్టించునది అను 'ఉదజని' సరియైన పేరు. 'ఆమ్లజని' అట్టిది కాదు. పారిభాషిక పదమును అనువదించువారు దాని అర్థమును మాత్రమే గాక, ఆ అర్థము నేటికిని నిలిచియున్నదా అని కూడ చూడవలెను.

నిలువని పేర్లు

హీలియం కథ విన్నవారికి ఒక రేఖను చూచి మూలకమును ఊహించుట సులభమైన పని అని తోచవచ్చును. అందుకు ఎదురుగా మరి రెండు పేర్లు ఉన్నవి. 1869 గ్రహణములో కరోనా అను సూర్యుని వెలుపలి వలయములో ఒక పచ్చని రేఖ కనబడినది. అది తెలిసిన ఏ మూలకమునకు చెందలేదు. దానికి 'కరోనియం' అన్నారు. నీహారికలలో కనబడిన వేరు పచ్చని రేఖలకు 'నెబ్యూలియం' అన్నారు. తర్కము అదే; ప్రత్యయము అదే.

కాని ఈ మూలకములు లేవు. నెబ్యూలియం రేఖలు రెండు ఎలక్ట్రానులను పోగొట్టుకొనిన ఆక్సిజన్ పరమాణువులవని 1927లో బోవెన్ చూపినాడు. కరోనియం రేఖ పదమూడు ఎలక్ట్రానులను పోగొట్టుకొనిన ఇనుముదని గ్రోట్రియన్, ఎడ్లెన్ పరిశోధనల వలన 1940 ప్రాంతమున తేలినది. ఆ పేర్లు చరిత్ర గ్రంథములలో మాత్రమే మిగిలినవి. మూడు పేర్లును ఒకే రీతిగా పుట్టినవి. ఒకటి బ్రదికినది, రెండు నశించినవి. భేదము పేరు పెట్టిన తెలివిలో లేదు; పదార్థమును పట్టుకొని చూపగలిగిన ప్రయోగములో ఉన్నది. 1895 వరకు హీలియం కూడ వాటి వంటిదే.

లోహమని పేరుపొందిన ఈ హీలియం గుణములను చూచినచో ఆశ్చర్యము కలుగును. 1908లో లైడెన్ నగరమున కామర్లింగ్ ఓన్స్ దానిని మొదటిసారిగా ద్రవీకరించినాడు. అది మరుగు ఉష్ణోగ్రత పరమశూన్యమునకు సుమారు 4.2 డిగ్రీలు మాత్రమే పైన ఉన్నది. సామాన్య పీడనములో ఎంత చల్లార్చినను అది గడ్డకట్టదు. అందుకు ఇరువది ఐదు వాతావరణముల పీడనము కావలెను. మూలకములలో ఇట్టిది మరియొకటి లేదు. ఇంతగా ఘనరూపమునకు విముఖమైన పదార్థమునకే లోహపు పేరు దక్కినది.

పేరులోని మొదటి సగము మాత్రము పెట్టినవారు అనుకొనిన దానికంటె ఎక్కువ సత్యమైనది. సూర్యుని ద్రవ్యరాశిలో సుమారు నాలుగవ వంతు హీలియం. భూమి గాలిలో అది పది లక్షల భాగములలో ఐదు భాగములు మాత్రమే. సూర్యుని వెలుగునకు కారణము హైడ్రోజన్ కేంద్రకములు కలిసి హీలియం కేంద్రకములుగా మారుట. సూర్యుని అంచున ఒక రేఖగా కనబడినది సూర్యుని గర్భములో ప్రతి క్షణము తయారగుచున్న పదార్థమే.

తరగతిలో ఆవర్తన పట్టికను బోధించునపుడు ఈ ఏడు పేర్లను నల్లబల్లపై వరుసగా వ్రాసి, ఏది భిన్నముగా ఉన్నదో చెప్పుమని విద్యార్థులను అడుగవచ్చును. ఎవరో ఒకరు మొదటిది అని చెప్పుదురు. ఎందుకు అను ప్రశ్న దాని వెంటనే వచ్చును. సమాధానము చెప్పుటకు వర్ణపటము కావలెను, గ్రహణము కావలెను, జడవాయువుల గుణములు కావలెను; గుంటూరు, మచిలీపట్నము కూడ కావలెను. ఒక పదము చివర ఉన్న రెండు మూడు అక్షరములు ఇంత పాఠమును చెప్పగలవు.